అరవై రోజుల సూత్రానికి టీకా తాత్పర్యం

అవతారిక

నెల్లూరు సీమకు వ్యాఖ్యానం కొత్త విద్య కాదు. 13వ శతాబ్దంలో తిక్కనకు దశకుమార చరిత్రను అంకితమిచ్చిన కేతన, విజ్ఞానేశ్వరుడి మితాక్షరను కూడా తెలుగు పద్యాల్లో పెట్టాడు. ఆ మితాక్షర యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య. వ్యాఖ్యలను సైతం వదలని కవులు మసలిన చోట కంప్యూటర్ ప్రోగ్రాములోని ఒక పంక్తికి టీక రాస్తే పెద్దలు కోప్పడరులే అన్న ధీమాతో ఈ వ్యాఖ్యాత కలం పట్టాడు. మూలంలో లేనిది ముట్టనని మల్లినాథసూరిలా ఆయన మాట ఇవ్వలేదు గనుక, అక్కడక్కడ పక్కదారి పట్టే స్వేచ్ఛ ఆయనకు ఉంది.

పంక్తి పైథాన్ భాషలోది. ఆ భాషతో పాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలో డేట్‌టైమ్ అని ఒక విభాగం ఉంది. 2003లో వచ్చిన 2.3 వెర్షన్‌తో అది చేరింది. తేదీకి రోజులు కలపడం, తేదీలోంచి తేదీ తీసివేయడం దాని వృత్తి. ఈ లెక్క ఏటా తప్పనిసరిగా అవసరం పడే జనం ఎవరంటే, కావలి నుంచి కృష్ణపట్నం దాకా సముద్రాన్ని నమ్ముకున్న పాలేలవాళ్లు. ఏప్రిల్ 15న తూర్పు తీరమంతా వేట నిషేధం మొదలవుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు, మోటారు పడవలు కదలకూడదు. జువ్వలదిన్నెలో, ఇస్కపల్లిలో, మైపాడులో పడవలు ఒడ్డు పట్టుకుంటాయి, వలలు బాగుచేతకు దిగుతాయి. జూన్ 14తో నిషేధం ముగుస్తుంది. ఈలోగా పొద్దున లేచింది మొదలు ఒకటే ప్రశ్న: ఇంకా ఎన్ని రోజులు?

సూత్రకర్త ఎవరన్నది తెలియరాదు. ఏ పట్టపుపాలెంలోనో పుట్టి, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటూ, నిషేధం నాళ్లలో ఇంటికి వచ్చిన బోటు సొంతదారు కొడుకని అనుకుందాం. నాయన ఫోనులో రోజులు లెక్కపెట్టే చిన్న యాప్ పెడదామని కూర్చుని, ముందుగా నిషేధం మొత్తం ఎన్నాళ్లో తేల్చుకోవడానికి ఈ సూత్రం రచించాడు.

మూలం

డేట్(2025, 6, 14) – డేట్(2025, 4, 15)

దానికి యంత్రం ఇచ్చిన ఫలం:

టైమ్‌డెల్టా(డేస్=60)

ప్రతిపదార్థం

డేట్ = తేదీ యనెడి పదార్థము; (2025, 6, 14) = క్రీస్తు శకము 2025వ సంవత్సరమున ఆరవ మాసమైన జూనునందు పదునాలుగవ దినము; – = తీసివేయగా; డేట్(2025, 4, 15) = అదే సంవత్సరమున ఏప్రిల్ పదునైదవ దినమును; టైమ్‌డెల్టా = ఆ రెంటి నడిమి ఎడము; డేస్=60 = అరువది దినములు; అగును అని అధ్యాహారము.

తాత్పర్యం

ఏప్రిల్ 15కు, జూన్ 14కు మధ్య అరవై రోజుల ఎడం ఉందని భావం.

వ్యాఖ్య

మొదట ఆరు అన్న అంకె సంగతి. ఇక్కడ ఆరంటే జూనే. అన్ని భాషల్లోనూ ఇంత సాఫీగా ఉండదు. సీ భాష లైబ్రరీలో నెలలు సున్నా నుంచి పదకొండు దాకా నడుస్తాయి, కాబట్టి అక్కడ ఆరంటే జూలై. అలాగని తేదీ సున్నా నుంచి మొదలవుతుందా అంటే కాదు, అది ఒకటి నుంచే. సంవత్సరం మాత్రం 1900 నుంచి ఎన్నేళ్లు గడిచాయో ఆ అంకె. ఒకే ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములకు మూడు లెక్కలు. 1995లో జావా భాష తేదీలకు పెట్టుకున్న పద్ధతిని అదే ఏడు పుట్టిన జావాస్క్రిప్ట్ ఉన్నదున్నట్టు దించుకుంది. దాంతో సున్నా జనవరి వెబ్ పేజీలన్నిటిలోకీ పాకింది.

ఇది సాఫ్ట్‌వేర్‌వాళ్లకే పట్టిన తెగులని నవ్వడానికి వీల్లేదు. అలన్ బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో మద్రాసు నుంచి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. అలాంటి శాసనాల తేదీలు తేల్చే పండితులకు ఎదురయ్యే తొలి చిక్కు శక సంవత్సరమే. చెక్కిన అంకె గడిచిపోయిన ఏళ్లదా, నడుస్తున్న ఏటిదా? గతమైతే ఒక లెక్క, వర్తమానమైతే ఒకటి తేడా. రాబర్ట్ సెవెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్ 1896లో వెలువరించిన భారతీయ పంచాంగ గ్రంథంలో ఈ గత, వర్తమాన భేదానికి బాగానే చోటిచ్చారు. తిథి, వారం కూడా చెక్కి ఉంటే అవి ఏ లెక్కకు కుదురుతాయో చూసి ఏడు నిర్ణయిస్తారు. సున్నాతో మొదలుపెట్టాలా, ఒకటితో మొదలుపెట్టాలా అన్న జగడం రాతి మీద కూడా ఉంది.

ఇక తీసివేత. యంత్రం నెలల్లోంచి నెలలు, రోజుల్లోంచి రోజులు తీసివేయదు. ముందు రెండు తేదీలనూ వరుస సంఖ్యలుగా మారుస్తుంది. ఒకటో సంవత్సరం జనవరి 1 దానికి ఒకటో రోజు. అక్కడి నుంచి లెక్కిస్తే 2025 ఏప్రిల్ 15 అనేది 7,39,356వ రోజు. జూన్ 14 అనేది 7,39,416వ రోజు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 60. నాలుగుతో భాగమైతే లీపు, నూరుతో భాగమైతే కాదు, నాలుగు వందలతో భాగమైతే మళ్లీ లీపు అన్న నియమం వరుస సంఖ్య వేసేటప్పుడే కరిగిపోతుంది. తీసివేత దగ్గరికి వచ్చేసరికి ఏ గొడవా మిగలదు.

పంచాంగకర్తలకు ఇది వెయ్యేళ్లకు పైగా తెలిసిన పని. దాని పేరు అహర్గణం. కలి ప్రారంభం నుంచి ఇష్టదినం దాకా గడిచిన రోజుల మొత్తం అది. జూలియన్ లెక్కలో క్రీస్తు పూర్వం 3102 ఫిబ్రవరి 18 దానికి మొదలు. ఇప్పటికి ఆ మొత్తం 18 లక్షలు దాటింది. గ్రహాలు ఎక్కడున్నాయో తేల్చే ముందు గణకుడు మొదట వేసేది ఈ అంకెనే. యూనిక్స్ యంత్రాలు 1970 జనవరి 1 నుంచి లెక్కపెడతాయి. మొదలు ఎక్కడ పెట్టినా రెండు రోజుల తేడా మారదు గనుక కలియుగ గణకుడికీ పైథాన్‌కూ ఈ పంక్తి విషయంలో పేచీ రాదు. ఇద్దరూ అరవై అనే అంటారు.

ఒక్క చోట మాత్రం పైథాన్ చరిత్రను పట్టించుకోదు. ఇంగ్లండులో 1752 సెప్టెంబర్ 2 మరునాడు సెప్టెంబర్ 14 వచ్చింది. జూలియన్ కాలెండరు వదిలి గ్రెగోరియన్‌కు మారుతూ పదకొండు తేదీలు ఎగరేశారు. ఆ రెండు తేదీల మధ్య ఎడం అడిగితే పైథాన్ పన్నెండు రోజులంటుంది. అప్పుడు లండన్‌లో ఉన్నవాడు ఒక్క రాత్రి నిద్రపోయాడంతే. గ్రెగోరియన్ నియమాన్నే ఒకటో సంవత్సరం దాకా వెనక్కి సాగదీస్తానని లైబ్రరీ ముందే చెప్పుకుంది కాబట్టి అది తప్పు కాదు, దాని మతం.

శంక

ఇక్కడ పూర్వపక్షి లేచాడు. ఆయన సూత్రకర్త నాయనే.

"ఏందిరా అబ్బయ్యా, సర్కారోళ్లు అరవై ఒక్క రోజులంటుంటే నీ ఫోను అరవై అంటుండాది? ఆ ఒక్క రోజు యాడబోయింది?"

"యాడికీ పోలేదు నాయనా. అది రోజులు లెక్కపెట్టలేదు, ఎడం కొలిచింది."

"ఎడం నాకెందుకురా? నేను ఇంట్లో కూసోబోయేది ఎన్నాళ్లో చెప్పు."

సమాధానం

పెద్దాయన మాటే నిజం. ఏప్రిల్‌లో 15 నుంచి 30 దాకా 16 రోజులు, మే నెలలో 31, జూన్‌లో 14. మొత్తం 61. వల ఆరేసే తాడుకు వరుసగా 61 గుంజలు పాతితే వాటి మధ్య సందులు 60 ఉంటాయి. యంత్రం సందులు లెక్కపెట్టింది, పెద్దాయన గుంజలు లెక్కపెట్టాడు.

నిషేధం ఉత్తర్వు రాసేవాళ్లకు ఈ తకరారు ముందే తెలుసు. అందుకే కేంద్రం ఏటా ఇచ్చే ఉత్తర్వులో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అని ఊరుకోరు. రెండు రోజులూ కలుపుకొని అని ఒక ముక్క చేర్చి, 61 రోజులు అని అంకె కూడా వేస్తారు. అది అలంకారానికి పెట్టింది కాదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, కేంద్ర చట్టంలో ఫలానా రోజు నుంచి అంటే ఆ మొదటి రోజు లెక్కలోకి రాదు, ఫలానా రోజు దాకా అంటే ఆ చివరి రోజు వస్తుంది. ఆ నియమాన్ని ఉత్తర్వుకు ఉత్తినే తగిలిస్తే ఏప్రిల్ 15 జారిపోయి అరవై మిగులుతుంది. అంటే బ్రిటిష్ కాలపు చట్టమూ పైథాన్ లైబ్రరీ ఒకే గూటి పక్షులు. ఆ చేర్చిన ముక్క వల్లనే పెద్దాయన గుంజల లెక్క గెలిచింది.

2020లో ఇదే లెక్క ఇంకో అంకెతో వచ్చింది. లాక్‌డౌన్‌లో అప్పటికే వేట చెడింది గనుక కేంద్రం ఆ ఒక్క ఏడు తూర్పు తీరానికి నిషేధాన్ని ఏప్రిల్ 15 నుంచి మే 31 దాకా కుదించింది. ఉత్తర్వు అంకె 47. యంత్రాన్ని అడిగితే 46. పడమటి తీరానికి జూన్ 15 నుంచి జూలై 31 దాకా ఇచ్చారు. అక్కడా మనుషులకు 47, యంత్రానికి 46.

ఒకటే కదా తేడా అనుకునేవారికి డబ్బు లెక్క. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధ కాలపు సాయాన్ని ఇంటికి 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచింది. అది మొత్తంగా ఇచ్చేదే గానీ రోజుకింతని కొలిచేది కాదు. అయినా కుటుంబం పూట గడుపుకునేది రోజుల చొప్పునే. అరవై ఒకటితో భాగిస్తే రోజుకు 327 రూపాయల 87 పైసలు. అరవైతో భాగిస్తే 333 రూపాయల 33 పైసలు. యంత్రం మాట నమ్మి రోజుకు 333 చొప్పున ఖర్చు పెట్టుకుంటూ పోతే, జూన్ 14 పొద్దున సంచిలో మిగిలేది 20 రూపాయలు.

ద్వితీయ శంక

పూర్వపక్షి అంతటితో విడవలేదు. "అరవయ్యీ వద్దు, అరవై ఒకటీ వద్దు. రెండు నెల్లు అని పెట్టరాదా?" పాలెంలో అందరూ అనేది రెండు నెలల నిషేధమనే.

సూత్రకర్త నోట మాట రాలేదు. పైథాన్ టైమ్‌డెల్టాలో రోజులున్నాయి, సెకన్లున్నాయి, మైక్రోసెకన్లున్నాయి. వారాలు చెబితే రోజులుగా మార్చుకుంటుంది. నెల మాత్రం లేదు. జేబులో ఉన్న ఫోన్లో నెల జీతం, నెల వాయిదా, నెల రీచార్జి ఉంటే, లోకమంతా వాడే భాష స్టాండర్డ్ లైబ్రరీలో నెల ఎందుకు లేదు? ఈ ప్రశ్న దగ్గర వ్యాఖ్యాతలు నాలుగు మతాలుగా చీలారు. వాటి పరీక్షకు గీటురాయి ఒకటే: జనవరి 31కి ఒక నెల కలిపితే ఏ తేదీ వస్తుంది?

మతభేద నిరూపణం

మొదటిది పైథాన్ వారి చార్వాకం. కంటికి కనిపించేది రోజు. నెల అనేది 28, 29, 30, 31 అంటూ రూపాలు మార్చేది. దానికి ప్రమాణం లేదు గనుక దాన్ని ఒప్పుకోము. ఎవరైనా మొండికేసి జనవరి 31లో నెల అంకెను రెండుగా మార్చమంటే, వ్యాల్యూఎర్రర్ అని మొహం మీదే తలుపు వేసేస్తుంది.

రెండోది జావా వారి సర్దుబాటు మతం. 2014లో వచ్చిన జావా 8తో పాటు తేదీల లైబ్రరీని మొత్తం మార్చి రాశారు. అంతకు ముందు జోడా టైమ్ అనే లైబ్రరీ రాసిన స్టీఫెన్ కోల్‌బోర్న్ దీనికీ పెద్దదిక్కు. వీరి ప్రకారం 2025 జనవరి 31కి నెల కలిపితే ఫిబ్రవరి 28. ఆ నెలలో 31 లేదు కాబట్టి ఉన్న చివరి రోజుతో సరిపెట్టుకోవాలి. వినడానికి ఇంపుగానే ఉంది. అయితే ఆ ఫిబ్రవరి 28కి ఇంకో నెల కలిపితే మార్చి 28 వస్తుంది. జనవరి 31కి ఒకేసారి రెండు నెలలు కలిపితే మార్చి 31 వస్తుంది. ఒకటీ ఒకటీ కలిపిన దానికీ రెండు కలిపిన దానికీ మూడు రోజుల తేడా. 31వ తారీఖున మొదలైన నెలసరి వాయిదాలకు, ప్రతి తేదీనీ మొదటి తేదీ నుంచి కట్టాలా, కిందటి తేదీ నుంచి కట్టాలా అన్నది ప్రోగ్రామరు ముందే తేల్చుకోవాలి. తేల్చుకోకపోతే ఫిబ్రవరి దాటాక వాయిదా తేదీ 28 దగ్గర గడ్డకట్టి, మళ్లీ 31కి రాదు.

మూడోది పొర్లు మతం. జావాస్క్రిప్ట్ పాత డేట్, గో భాష లైబ్రరీ దీనివారు. లేని తేదీ వస్తే మిగిలిన రోజులను పక్క నెలలోకి పొర్లిస్తారు. 2025లో ఫిబ్రవరి 31 అంటే మార్చి 3. గో వారు దాపరికం లేకుండా తమ పత్రంలోనే ఉదాహరణ రాసుకున్నారు: అక్టోబర్ 31కి నెల కలిపితే డిసెంబర్ 1 వస్తుందట. నవంబరంతా మాయం.

నాలుగోది సీ ప్లస్ ప్లస్ వారి సాక్షివాదం. 2020 నాటి ప్రమాణంలో వచ్చిన వారి కాలెండరు, జనవరి 31కి నెల కలిపితే నిజంగానే ఫిబ్రవరి 31 అనే వస్తువును చేతిలో పెడుతుంది. సర్దదు, పొర్లించదు, తిట్టదు. ఇది సరైన తేదీయేనా అని ఓకే అనే ప్రమేయంతో అడిగితే కాదంటుంది. అడగకపోతే చెప్పదు. ఆపై ఏం చేస్తావో నీ ఇష్టం.

ఈ నాలుగింటిలో ధర్మశాస్త్రం ఎటు? జనరల్ క్లాజెస్ చట్టం 3వ సెక్షన్ నెల అంటే బ్రిటిష్ కాలెండరు నెల అని నిర్వచించి వదిలేసింది. మిగతాది కోర్టులు పూరించాయి. 1981లో బ్రిటన్ ప్రభువుల సభ డాడ్స్ వర్సెస్ వాకర్ కేసులో తీర్పిచ్చింది. కౌలుదారుకు నోటీసు అందింది 1978 సెప్టెంబర్ 30న. కోర్టుకు వెళ్లడానికి గడువు నాలుగు నెలలు. సెప్టెంబర్‌కు 30 చివరి రోజు కనుక జనవరి చివరి రోజైన 31 దాకా గడువుందని కౌలుదారు వాదన. సభ ఒప్పుకోలేదు. అదే అంకె గల తేదీ, అంటే జనవరి 30తో గడువు తీరిందని, ఒక్క రోజు ఆలస్యానికి కేసు పోయిందని తేల్చింది. ఆ అంకె లేని నెల వస్తే ఆ నెల చివరి రోజుతో సరిపెట్టుకోవాలని కూడా చెప్పింది. 2010లో మన సుప్రీంకోర్టు హిమాచల్ టెక్నో ఇంజినీర్స్ కేసులో ఈ నియమాన్నే పట్టుకుని, మూడు నెలలంటే 90 రోజులు కాదని స్పష్టం చేసింది. జావా లైబ్రరీకి సెప్టెంబర్ 30 ఇచ్చి నాలుగు నెలలు కలపమంటే జనవరి 30 అనే అంటుంది. 1981 నాటి న్యాయమూర్తులు జావాను చూడలేదు, అప్పటికది పుట్టనే లేదు. ఇద్దరూ చేరింది ఒకే రేవుకు.

పెద్దాయన అడిగిన రెండు నెలల లెక్క కూడా ఇక్కడ తీరుతుంది. ఏప్రిల్ 15కి రెండు నెలలు కలిపితే జూన్ 15. ఆ మతాల్లో నెల కలపనిచ్చే మూడింటికీ ఇందులో తగవు లేదు, ఎందుకంటే 15 లేని నెల లేదు. జూన్ 15 నిషేధం చివరి రోజు కాదు, వేట మొదటి రోజు. ఏప్రిల్ 15 కలుపుకొని, జూన్ 15 కలపకుండా లెక్కిస్తే యంత్రానికీ 61 రోజులే. మధ్యలో మే నెల 31 కావడం వల్ల ఈ అదృష్టం పట్టింది. అదే జనవరి 15 నుంచి రెండు నెలలైతే మామూలు ఏట 59 రోజులే.

దేశకాల విచారం

తీసివేతకు రెండు తేదీలు చాలవు, ఆ తేదీలు ఎక్కడివో కూడా తెలియాలి. దీనికి నెల్లూరు తీరంలోనే గట్టి ఉదాహరణ ఉంది. శ్రీహరికోట 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, 2019లో అది నెల్లూరు జిల్లాయే. ఆ ఏడు చంద్రయాన్-2 ప్రయోగానికి జూలై 15 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు ముహూర్తం పెట్టారు. ఇంకో 56 నిమిషాల్లో లేస్తుందనగా లోపం కనిపించి ఆపేశారు. మళ్లీ జూలై 22 మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు లేచింది.

ఎన్ని రోజులు ఆలస్యమైంది? సూళ్లూరుపేటలో అడిగితే ఏడు రోజులు. మన సమయానికి ఐదున్నర గంటలు వెనక నడిచే యూటీసీలో రాసుకున్న యంత్రాన్ని అడిగితే, మొదటి ముహూర్తం జూలై 14 రాత్రి 9 గంటల 21 నిమిషాలు, రెండోది జూలై 22 ఉదయం 9 గంటల 13 నిమిషాలు. తేదీలు మాత్రమే తీసుకుని తీసివేస్తే ఎనిమిది. అసలు గడిచిన కాలం 7 రోజుల 11 గంటల 52 నిమిషాలు. రాకెట్ ఒకటే, ఆలస్యం ఒకటే, లెక్కలు మాత్రం రెండు.

చాంద్రమాన విచారం

ఇంతవరకు చెప్పుకున్నది సూర్యుడి లెక్క. నెల్లూరులో చంద్రుడి లెక్కతో నడిచే పెద్ద జాతర రొట్టెల పండుగ. స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గాలో మొహర్రం నాడు మొదలవుతుంది. 2024లో అది జూలై 17. 2025లో జూలై 6. హిజ్రీ ఏడాది పదకొండు రోజుల దాకా పొట్టి గనుక ప్రతి ఏడూ అంత ముందుకు జరుగుతుంది.

జావా లైబ్రరీలో హిజ్రీ కాలెండరు ఉంది. జపాను, తైవాన్, థాయ్ బౌద్ధ కాలెండర్లూ ఉన్నాయి. దాన్ని అడిగితే 1446 మొహర్రం 10వ తేదీ 2024 జూలై 16 అంటుంది. అది సౌదీ అరేబియా వాడే ఉమ్ అల్ ఖురా పట్టిక. నెల్లూరులో నెలవంక కనబడింది ఒక రోజు తర్వాత. యంత్రాన్ని నమ్మి రైలు టికెట్టు కొన్నవాడు రొట్టె పట్టుకుని ఒక రోజు ముందే చెరువు గట్టున నిలబడతాడు.

తెలుగు పంచాంగం జావాలో లేదు. జావాస్క్రిప్ట్‌లో ఇండియన్ పేరుతో ఒకటి ఉంది గానీ అది 1957 మార్చి 22న ప్రభుత్వం అమలులోకి తెచ్చిన జాతీయ శక కాలెండరు. అందులో తిథి లేదు, అధికమాసం లేదు. అధికమాసం వస్తే నెల కూడిక ఎట్లా ఉంటుందో 2023లో అందరూ చూశారు. జూలై 18 నుంచి అధిక శ్రావణం, ఆగస్టు 17 నుంచి నిజ శ్రావణం. ఆషాఢం ముగిసిన నాటికి ఒక నెల కలిపితే శ్రావణం ముగియాలి గదా అంటే, ఏ శ్రావణం అని పురోహితుడు ఎదురడుగుతాడు. సర్దుబాటు మతం, పొర్లు మతం రెండూ ఇక్కడ చేతులెత్తేస్తాయి. ఎడ్వర్డ్ రైన్‌గోల్డ్, నాచుమ్ డెర్షోవిట్జ్ 1997లో అచ్చువేసిన కాలెండరు గణితం పుస్తకంలో హిందూ చాంద్రమానానికీ ప్రోగ్రాములు రాసి పెట్టారు. స్టాండర్డ్ లైబ్రరీలు మాత్రం ఆ అధ్యాయాన్ని ఇంకా తెరవలేదు.

పాలెంలో పెద్దవాళ్లకు మాత్రం తేదీ కన్నా తిథే ముఖ్యం. అమావాస్యకు, పున్నమికి పోటు పెద్దది, అష్టమికి చిన్నది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. కాబట్టి ఆ ఏడు నిషేధం విడిచిన తొలి రోజు, జూన్ 15, సరిగ్గా అధిక జ్యేష్ఠ అమావాస్య. ప్రభుత్వం తేదీ చూస్తుంది, బోటు సొంతదారు రెండూ చూసుకుంటాడు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య విన్న సూత్రకర్త తన పంక్తిని రెండు విధాల దిద్దుకోవచ్చు. వచ్చిన దానికి ఒకటి కలపడం మొదటి విధం. అది పని చేస్తుంది గానీ, ఆ ఒకటి ఎందుకు కలిపావని ఆరు నెలల తర్వాత అడిగితే రాసినవాడికే గుర్తుండదు. వ్యాఖ్యాత ఓటు రెండో విధానికి: చివరి తేదీగా జూన్ 14కు బదులు, వేట మొదలయ్యే జూన్ 15 పెట్టడం. అప్పుడు ఏప్రిల్ 15 పొద్దున ఫోను 61 చూపిస్తుంది, జూన్ 14న 1 చూపిస్తుంది, జూన్ 15న సున్నా చూపిస్తుంది. పెద్దాయన లెక్క, ఉత్తర్వు లెక్క, యంత్రం లెక్క ఒక్కటవుతాయి.

ఇంకో పాఠభేదం మిగిలింది. నిషేధం జూన్ 14 అర్ధరాత్రితో తీరుతుంది. ఐసు, డీజిలు ఎక్కించుకున్న బోట్లు పన్నెండు కొట్టడం ఆలస్యం కదలడానికి కాచుకుని ఉంటాయి. కుర్రాడి యాప్ ఈ రోజు ఏ తేదీ అన్నది ఎక్కడో ఉన్న సర్వరును అడిగి, ఆ సర్వరు యూటీసీలో నడుస్తుంటే, ఉదయం ఐదున్నర దాకా దానికి జూన్ 14వ తేదీయే. బోటు తీరం దాటి పోయాక కూడా ఫోను ఇంకా ఒక రోజు ఉందనే చూపిస్తుంది. ఏషియా/కోల్‌కతా అన్న టైమ్‌జోన్ పేరు ఒకటి రాసుకుంటే ఈ దోషం పోతుంది. 2020లో వచ్చిన 3.9 వెర్షన్ నుంచి జోన్‌ఇన్ఫో అనే విభాగం పైథాన్ స్టాండర్డ్ లైబ్రరీలోనే ఉంది.